దొరసానికి ఓడ టికెట్టు

1949లో మిర్యాలగూడలో కొత్త బియ్యం మిల్లుకు ఇంజను బిగించడానికి ఒక విలాయతీ కంపెనీ ఇంగ్లండు నుంచి ఇంజనీర్లను పంపింది. వచ్చినవాళ్ల మంచిచెడ్డలు చూసే పని ఏసుపాదానిది. సూర్యాపేట మిషన్ బడిలో చదివి ఆ కంపెనీలోనే మేనేజరైన మనిషి. మొదట వచ్చిన ఇద్దరూ పని సగంలో వదిలేసి వెళ్లిపోయారు. మూడోవాడు హారిస్ కూడా ఒక పొద్దున పెట్టె సర్దుకుని, కోదాడ దాకా కారు కావాలన్నాడు. అక్కడి నుంచి బెజవాడ వెళ్లి రైలెక్కుతాడట.

ఏసుపాదం అడ్డు చెప్పలేదు. తానూ కారెక్కాడు. హుజూర్‌నగర్ దాటాక ఇంగ్లీషులో అడిగాడు.

"జీతం చాలలేదా? తిండి పడలేదా?"

"అవేవీ కాదు," అన్నాడు హారిస్. "పని నుంచి గదికొస్తే నాతో మాట్లాడే మనిషి లేడు. నా భార్యను రప్పించమంటే కంపెనీ వినదు."

కోదాడలో ఏసుపాదం కారును నేరుగా తపాలా ఆఫీసుకు పోనిమ్మన్నాడు. హారిస్ భార్యను పంపండి, లేదంటే ఇక ఎవరినీ పంపకండి అని బొంబాయిలోని కంపెనీ ఆఫీసుకు తంతి కొట్టాడు.

"జవాబు వచ్చేదాకా ఆగండి. కాదంటే నేనే మిమ్మల్ని రైలెక్కిస్తాను," అన్నాడు.

హారిస్ ఆగాడు.

అల్లర్లున్న జిల్లాకు ఆడమనిషిని పంపలేమని బొంబాయి నుంచి జవాబొచ్చింది. ఏసుపాదం సూర్యాపేటలో ఇంటికి వెళ్లి భార్య జానమ్మకు చెప్పాడు.

"మన పక్కింట్ల ఉంటది. నేను సూస్కుంట. పూచీ మనదని మళ్ల తంతి కొట్టుండ్రి," అంది జానమ్మ.

"నీకు ఇంగ్లీషు రాదు గద."

"ఆమెకు తెలుగు రాదు. ఇద్దరం నేర్సుకుంటం."

పూచీ తనదని ఏసుపాదం రాశాక కంపెనీ దిగివచ్చింది.

వానలు వెనకబట్టాక హారిస్ భార్య ఈడిత్ దొరసాని సూర్యాపేటలో దిగింది. జానమ్మ ఆమెను సంతకు తీసుకెళ్లింది, జొన్నరొట్టె చేయడం నేర్పింది. రొట్టె విరిగినప్పుడల్లా ఇద్దరూ నవ్వుకునేవారు. ప్రతి ఆదివారం హారిస్ మిర్యాలగూడ నుంచి వచ్చేవాడు. సోమవారం మిల్లుకు వెళ్తే మునుపటిలా కూలీల మీద అరుపుల్లేవు. చలికాలం వెళ్లకముందే ఇంజను ఆడింది.

చూడ్డానికి బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ పెద్దదొర, ఇకమీద ఈ వైపు పంపేవాళ్లందరినీ ఏసుపాదమే చూసుకోవాలన్నాడు.

"చూసుకుంటాను. పెళ్లయినవాడైతే ఇద్దరికీ టికెట్టు తీయండి," అన్నాడు ఏసుపాదం.

పెద్దదొర ఒప్పుకుని చెయ్యి కలిపాడు.