శత్రువు నడక

యంత్రం తప్పేమీ చేయలేదట. నా మొగుణ్ణి పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రమే మా గుమ్మంలోకొచ్చి ఆ మాట చెప్పాడు లాహిరి సాహెబు. వాడి నోట్లో మన్ను పడ!

మొదటినుంచీ చెప్తాను. కార్గిల్ యుద్ధం అయిన మరుసటేడు, గార్డెన్ రీచ్‌లో మా బస్తీ పక్కనున్న రేవును సాగర్ రక్షక్ అనే కంపెనీ తీసుకుంది. అక్కడ ఇనుప స్తంభం మీద ఒక తుపాకీ నిలబెట్టారు. దాన్ని పేల్చడానికి మనిషి అక్కర్లేదు. దాని కన్ను మనుషుల నడక చూస్తుంది. మనవాడో శత్రువో అదే తేల్చుకుంటుంది, అదే కాలుస్తుంది. సరిహద్దుకు పంపేముందు గంగ ఒడ్డున దానికి చదువు చెబుతారట. మావాళ్ళు దానికి చౌకీదారని పేరు పెట్టారు. అమెరికా యుద్ధాలు నశించాలని ఊరేగింపుల్లో గొంతు చించుకునే యూనియన్ దాదా కూడా వచ్చి దాని మెడలో బంతిపూల దండ వేశాడు. మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయని ఉపన్యాసమిచ్చాడు. సిగ్గుండాలి మనిషికి!

మా ఆయన దయానందం ఆ కంపెనీలో ఖలాసీ. పడవల తాళ్ళు లాగి కట్టే పని. ఒకరోజు ఇంజనీరు లాహిరి ఖలాసీలందర్నీ రేవులోకి దింపి, "శత్రువులు నీళ్ళలో ఎలా నడుస్తారో అలా నడవండి. యంత్రం చూసి నేర్చుకుంటుంది" అన్నాడు. మావాళ్ళు శత్రువునెక్కడ చూశారు? మా తాతలు శ్రీకాకుళం వైపునుంచి వచ్చింది ఓడల్లో బస్తాలు మోయడానికి. క్రైస్తవులం, మేం గంగలోకి వరసగా దిగేది ఒక్క బాప్తిస్మానికే. అడుగున బురద జారుతుందని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తలలు వంచుకుని మెల్లగా దిగుతాం. పాపం, ఖలాసీలు ఆ తెలిసిన నడకే నడిచారు. మళ్ళీ మళ్ళీ నడిపించి, సాహెబు చప్పట్లు కొట్టి బిర్యానీ పెట్టించాడు.

"ఏటి, శత్రువయిపోనావా?" అని వేళాకోళమాడాను ఆ సాయంత్రం.

"అవునే దెబోరా, బిర్యానీ తినీసిన శత్రువుని. నన్ను సూసి బయపడు" అని పొట్ట నిమురుకున్నాడు. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఈస్టరు తర్వాతి ఆదివారం మా అమ్మాయి లిల్లీకి బాప్తిస్మం. మేం నీళ్ళలోకి దిగే ఘాటు మెట్లు ఆ రేవు పక్కనే. అందుకని పాస్టరు ఎలీయాజరు గారు ముందే వెళ్ళి అడిగొచ్చారు. ఆదివారం సెలవనీ, యంత్రాన్ని ఆపేస్తారనీ లాహిరి మాటిచ్చాడు. తెల్లబట్టల్లో లిల్లీ మురిసిపోయింది. ముందు పాస్టరు గారు, ఆయన వెనక లిల్లీ, దాని చెయ్యి పట్టుకుని వాళ్ళ నాన్న, తర్వాత తక్కినవాళ్ళు నీళ్ళలోకి దిగారు. నేను ఒడ్డునుండి పాట అందుకున్నాను.

చౌకీదారు తల ఇటు తిప్పింది.

అందరికంటే ముందు మా ఆయనకే అర్థమయింది. "సేతులొగ్గేయండి! ఒగ్గేయండర్రా! అది మన నడకే నేర్సుకుంది!" అని అరిచాడు. బెదిరిపోయినవాళ్ళు చేతులు వదులుతారా? ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఆయన లిల్లీ చెయ్యి విదిలించుకుని, వరస తెంచుకుని, చేతులూపుకుంటూ తుపాకీకి ఎదురెళ్ళాడు. మీదికొచ్చేవాడి వైపే అది గురి తిప్పి, ఖాళీ అయ్యేదాకా కాల్చింది. గుళ్ళన్నీ ఆయనకే తగిలాయి.

ఇప్పుడు ఈ లాహిరి నా ఎదుట నిలబడి, "నేర్పింది నేర్పినట్టే చేసింది దిది, పొరపాటు యంత్రానిది కాదు" అంటున్నాడు. ఆపడం మరిచిపోయిన నౌకరును పనిలోంచి తీసేశారట. నా మొగుడు లేచొస్తాడా?

"మీరంతా ఇంకోసారి ఆ నడక నడవాలి దిది. ఈసారి మీరు మనవాళ్ళని దానికి నేర్పుతాం. మళ్ళీ మీ జోలికి రాదు."

"మరి శత్రువుల్లా ఎవరు నడుస్తారు?"

"మెటియాబ్రుజ్ దర్జీలకు కబురు పెట్టాం. రేపు వస్తారు."

మా పక్క పేటలో బట్టలు కుట్టుకుని బతికే ముస్లింలు వాళ్ళు.

"వాళ్ళకీ బిర్యానీ పెడతారా?" అన్నాను.

"పెడతాం దిది" అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు.

చీపురు అందుకున్నాను. గుమ్మంలో నా చెప్పులు కాళ్ళకడ్డం పడి, తూలి, వీధిలోకి పరుగెత్తాడు. బస్తీ అంతా వినేలా తిట్టాను వాణ్ణి, వాడి యంత్రాన్ని, దండ వేసిన ఆ దాదాని.

లిల్లీ ఇంకా ఆ తెల్లబట్టల్లోనే ఉంది, మార్చుకోనంటోంది. నాన్న విదిలించుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యే పట్టుకుని లేపాను.

"ఎక్కడికమ్మా?" అంది.

"మెటియాబ్రుజ్‌కి. దర్జీలు దుకాణాలు కట్టీకముందే ఎల్లాల" అని ఆటోను పిలిచాను.