జానెడు దూరం

ఆమెను సోడాబుడ్డి అని మొదట పిలిచింది తోడబుట్టిన చెల్లెలే. తర్వాత బడి అందుకుంది, ఆ తర్వాత వీధి అందుకుంది, ఇప్పుడు పనిచేసే చోట కూడా అదే పేరు. ఆమె పలుకుతుంది. పలికినంత మాత్రాన నచ్చినట్టు కాదని ఎవరికీ తట్టలేదు. చిన్నతనంలో ముక్కు మీదికెక్కిన అద్దాలు ఏటేటా మందమెక్కి, నలభై దాటేసరికి ముక్కుకి అటూ ఇటూ రెండు గుంటలు పెట్టి కదలకుండా కూర్చున్నాయి.

గుంటల సంగతి ఎలాగో సర్దుకుపోవచ్చు. అసలు బాధ వేరు. అద్దాలు లేని తన ముఖం ఆమె ఎప్పుడూ సరిగా చూసుకోలేదు. అద్దాలు తీసి నిలువుటద్దం ముందు నిలబడితే ఎదురుగా మనిషి ఉండదు, మసక ఉంటుంది. ముక్కు ఆనేంత దగ్గరికి వెళితే ఒక కన్నో, పెదవి మూలో కనిపిస్తుంది. ఫొటోలున్నాయి కానీ, ఫొటోలో ముఖం నవ్వదు, విసుక్కోదు. ఈ కోరిక ఆమె ఎవరితోనూ అనలేదు. నలభై దాటిన మనిషి తన ముఖం చూసుకోవాలనుంది అంటే నలుగురూ ఏమంటారో ఆమెకు తెలుసు.

ఆమె పని డ్రైక్లీనింగ్ దుకాణం వెనక గదిలో. కోటుకు చిమ్మెట కన్నం పడినా, సిగరెట్ నిప్పు తగిలినా ఆమె దగ్గరికే వస్తుంది. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, కన్నం ఉన్నచోట వాటితోనే మళ్ళీ నేస్తుంది. దీన్ని రఫూ అంటారు. కుట్టుపని అంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండుతుంది. కుట్టు కనిపిస్తుంది, రఫూ కనిపించకూడదు.

పనికి కూర్చునే ముందు ఆమె అద్దాలు తీసి పక్కన పెడుతుంది. బట్టను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుంటుంది. అంతే, ఒక్కో పోగూ తాడులా కనిపిస్తుంది. ముందు గదిలో గుండీలు కుట్టే ఆడవాళ్ళు నలభై రాగానే సూదిని చేతి దూరానికి జరిపి, దారం బెజ్జంలోకి ఎక్కక తిట్టుకుంటుంటే ఆమె ముసిముసిగా నవ్వుతుంది. తనకు చత్వారం రాలేదని ఆమెకు కొండంత ధీమా. ఇంకో నమ్మకం కూడా ఉంది: తన కళ్ళు బంగారం, అడ్డం పడుతున్నది అద్దాలే.

చెల్లెలు కిందటేడు అద్దాలు పోయేలా కళ్ళకి లేజర్ చేయించుకుంది. అప్పటినుంచీ లోకంలో ఇంకో విషయమే లేనట్టు అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒకరోజు కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నిజానికి లాగాల్సిన పనేమీ లేదు. అక్క అప్పటికే జడ బిగించి, చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది.

అక్కడ కొలతలు చాలా తీశారు. నల్లగుడ్డు మీది పారదర్శక పొర మందం చూశారు, కన్నీటి తడి చూశారు, చీకట్లో కంటిపాప ఎంత విప్పారుతుందో చూశారు. డాక్టరమ్మ మాటల్లో తొందర లేదు, తీపీ లేదు.

"పొర పలచగా ఉంటే చెయ్యం. మీది సరిపోతుంది. సైటు ఈ మధ్య పెరగలేదు, అదీ మంచిదే. కొన్ని నెలలు కళ్ళు పొడిబారతాయి, చుక్కలు వేసుకోవాలి. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాల్లాంటివి కనిపించొచ్చు. కొంతమందికి అవి పూర్తిగా పోవు కూడా. కళ్ళు నలుపుకోకూడదు. ఆపరేషన్ రోజు కాటుక, సెంటు వద్దు. తోడు ఒకరు రావాలి."

ఆమె అన్నిటికీ గంగిరెద్దులా తల ఊపింది.

"ఏం పని చేస్తారు?"

"టైలరింగ్ అండి," అంది చెల్లెలు, అడిగింది తననే అయినట్టు.

"టైలరింగ్ కాదు," అంది ఆమె.

"అయితే ఇది వినండి. లేజర్ దూరపు చూపునే సరిచేస్తుంది. చత్వారాన్ని ఆపదు. దగ్గర చూడ్డానికి అద్దాలు కావాల్సి వస్తుంది."

"నాకు చత్వారం రాలేదండీ. అద్దాలు తీశానంటే సూది బెజ్జంలో దుమ్ము కూడా కనిపిస్తుంది."

"వచ్చిందమ్మా. మీ సైటు దాన్ని దాచిపెట్టింది. మీ కన్ను చిన్నప్పటినుంచీ దగ్గరికే కుదురుకుంది. దూరం కనిపించకపోవడం, దగ్గర అంత బాగా కనిపించడం రెండూ ఒకటే. ఒకటి తీసేసి రెండోది ఉంచడం నా చేతిలో లేదు. ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి చెయ్యొచ్చు గానీ, సన్నపని చేసేవాళ్ళకి నేను చెప్పను."

చెల్లెలు, "దగ్గరికి అద్దాలు పెట్టుకుంటే పోలా? అందరూ పెట్టుకోవట్లేదా?" అంది.

డాక్టరమ్మ వాదించలేదు. కళ్ళలో లెన్సులు పెట్టించి, తీసి పెట్టుకోవడం నేర్పించి పంపింది. "ఆపరేషన్ అయ్యాక మీ చూపు దాదాపు ఇలాగే ఉంటుంది. నాలుగు రోజులు వీటితో పని చేసి చూసుకోండి; ఎప్పటికీ పెట్టుకోవడానికైతే మీ కళ్ళకి పడవు. సరే అనుకుంటే లెన్సులు తీసేసి కొన్నాళ్ళు ఆగి రండి, మళ్ళీ కొలతలు తీస్తాం. లెన్సుకి పొర ఆకారం మారుతుంది, వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది."

ఆసుపత్రిలో చేతులు కడుక్కునే గదిలో ఆమె తల ఎత్తింది. ఎదురుగా ఒక మనిషి తననే చూస్తోంది. కనుబొమలు తను అనుకున్నదానికన్నా ఒత్తుగా ఉన్నాయి. కళ్ళు చిన్నవి కావు, అన్నాళ్ళూ మందపాటి అద్దాలే వాటిని చిన్నవి చేశాయి. నవ్వి చూసింది. ఆ మనిషీ నవ్వింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కూడా చక్కగా కనిపించింది. బయట చెల్లెలు తలుపు తట్టకపోతే అక్కడే ఉండిపోయేదేమో.

మర్నాడు లెన్సులు పెట్టుకుని, మందుల షాపులో దగ్గరి చూపు అద్దాలు కొనుక్కుని పనికి వెళ్ళింది. బల్ల మీద ఏటవాలు నేత ఉన్న ముదురు బూడిదరంగు కోటు ఉంది, భుజం దగ్గర చిమ్మెట కొట్టిన కన్నం. కొత్త అద్దాలు పెట్టుకుని, బట్టను అలవాటుగా జానెడు దూరానికి తెచ్చింది. అలుక్కుపోయింది. కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే మోచేతి దూరంలో పోగులు తేలాయి. తాడుల్లా కాదు, పోగుల్లాగే ఉన్నాయి. నలుగురికీ కనిపించేది ఇంతే కాబోలు అనుకుంది. తలప్రాణం తోకకొచ్చింది గానీ సాయంత్రానికి కన్నం మూసుకుపోయింది.

యజమాని కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. "చిరిగింది ఏ భుజం?" అని అడిగాడు. అది అతని మెప్పు. లెన్సులతో పని ఎలా సాగిందో కనుక్కుందామని వచ్చిన చెల్లెలు వేలితో తడిమి కూడా పట్టుకోలేకపోయింది.

"చూశావా అక్కా! అనవసరంగా బెంబేలెత్తిపోయావు. వెళ్ళి చేయించుకో. ఇకమీదట నిన్ను సోడాబుడ్డి అన్నవాళ్ళ నోరు నేనే కుడతా."

ఆమె నవ్వింది. నిజంగా తేలికగా అనిపించింది. ఇద్దరూ వెళ్ళాక, ఇస్త్రీకి పంపే ముందు ఒకసారి చూద్దామని లెన్సులు తీసి డబ్బాలో వేసి, కోటు ఎత్తింది. జానెడు దూరం.

రెండు పోగుల మీంచి, రెండు పోగుల కిందనుంచి పోవాల్సిన దారం ఒకచోట మూడింటి మీంచి పోయింది. అక్కడినుంచి ఏటవాలు గీత ఒక పోగు పక్కకి జరిగి, చివరిదాకా అలాగే జరిగి ఉంది. ఇంత పెద్ద తప్పు ఆమె నేర్చుకునే రోజుల్లో కూడా చేయలేదు.

కోటు వేసుకునేవాడికి ఇది తెలియదు. యజమానికి తెలియలేదు, చెల్లెలికి తెలియలేదు. అందాకా ఫర్వాలేదు, ఎవరికీ తెలియని తప్పులు లోకంలో బోలెడున్నాయి. కానీ ఆపరేషన్ అయ్యాక ఇది తనకీ తెలియదు. భూతద్దం పెట్టినా ఒక పోగు కనిపిస్తుంది గానీ నేత కనిపించదు. ప్రతి సాయంత్రం యజమాని ఇలాగే ఏ భుజం అని అడుగుతాడు, తను ఇవాళ్టిలాగే నవ్వుతుంది. తప్పు నేసి, దాన్ని బాగుందనుకుని, హాయిగా ఇంటికెళుతుంది. ఎవరూ మోసం చేయరు, ఎవరూ మోసపోరు.

ఆసుపత్రిలో చూసుకున్న ఆ ముఖం మీద ఆశ చావలేదు. అదీ చస్తే బాగుండుననుకుంది.

తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఫోనెత్తిన అమ్మాయి గొంతులో తేనె కారుతోంది.

"కొలతలకి ఎప్పుడొస్తారు మేడమ్?"

"రానండి. చేయించుకోను."

"అయ్యో, ఎందుకు మేడమ్? భయమేసిందా?"

"అవునమ్మా. భయమేసింది."

"నొప్పే ఉండదు మేడమ్. ఏం జరిగిందో మీకు తెలియను కూడా తెలియదు."

"అదేనమ్మా," అంది ఆమె. ఫోన్ పెట్టేసి, సూది మొనతో మొదటి పోగు పైకి లాగింది.