రెండు వీపులు, పద్నాలుగు కొమ్ములు

తావెట్టి నడుము విరగ్గొట్టింది బావమరిది ఒస్కారి. ఇందులో వాదనకేమీ లేదు. సరస్సులోంచి పడవను ఒడ్డుకి లాగేటప్పుడు ఒస్కారి తన వైపు వదిలేశాడు. బరువంతా తావెట్టి మీద పడింది. అప్పట్నుంచీ మెడ తిరగదు, నడుము వంగదు. మూడు వారాలుగా ఇద్దరికీ మాటల్లేవు.

భార్య ఐలి పోయి ఏడాది. ఆమె ఏటా ఒళ్ళునొప్పులకి వీపు మీద బోలు కొమ్ములు పెట్టించుకుని చెడు నెత్తురు తీయించుకునేది. "ఆవుకైనా రెండే కదే" అని తావెట్టి నవ్వేవాడు. ఇప్పుడు నేల గడ్డకట్టేలోగా బంగాళాదుంపలు తవ్వాలి. తవ్వలేకపోతే చలికాలమంతా ఒస్కారి ఇంటి దుంపలే గతి. అంతకంటే పస్తు మేలు. అందుకే పక్కూళ్ళో కొమ్ములు పెట్టే హిల్యా దగ్గరికి, జనం ఉండని గురువారం చూసుకుని చాటుగా వెళ్ళాడు.

హిల్యా సౌనాలో, ఆ ఆవిరిస్నానాల గదిలో, ఆవిరి కమ్ముకుని ఉంది. బల్ల మీద అప్పటికే ఎవరిదో వీపు, మెడనుంచి నడుము దాకా ఏడు కొమ్ములతో.

"నన్నొక్కణ్ణే రమ్మన్నావు కదమ్మా?"

"ఆయనా అదే అడిగాడు. ఇద్దరికీ రెండుసార్లు పొయ్యి రాజెయ్యమంటావా? బోర్లా పడుకో."

పడుకున్నాడు. హిల్యా చర్మం మీద చిన్న గాట్లు పెట్టి, కొమ్ము ఆనించి, కొసన నోటితో గాలి పీల్చి బిగించింది. అలా ఏడు.

"ఎలా పట్టేసింది?"

"పడవ లాగుతుంటే మా బావమరిది వెధవ వదిలేశాడు."

పక్క బల్ల మీద ఏడు కొమ్ములూ ఒక్కసారి కదిలాయి.

"నేనా? వదిలింది నువ్వు బావా!"

"ఒరేయ్, నువ్వా! ఇక్కడేం చేస్తున్నావురా?"

"నువ్వు చేసేదే!"

ఇద్దరికీ మెడలు తిరగవు. గోడలకేసి చూస్తూ తిట్టుకున్నారు.

"కదిలితే కొమ్ములూడి నెత్తురంతా నా బల్ల పాలు!" అని హిల్యా గదమాయించింది. "ఒకటే పడవ, వదిలింది ఒకరే. ఎవరో చెప్పేదాకా కొమ్ములు తియ్యను."

కాలుతున్న రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి, గుమ్మం దగ్గర కాఫీ తాగుతూ కూర్చుంది.

"నాకిక్కడ హాయిగానే ఉంది," అన్నాడు ఒస్కారి.

తావెట్టికి లేదు. పొద్దున తొట్టి నీళ్ళ మీద పలచగా మంచు పేరింది. దుంపలింకా నేలలోనే ఉన్నాయి. ఒస్కారి గుర్రు కూడా మొదలుపెట్టాడు.

"లేవరా. వదిలింది నేనే."

గుర్రు ఆగింది.

"చెమట తుడుచుకోడానికి. ఎప్పుడూ నా పక్కన మీ అక్క పట్టేది. పట్టుకునే ఉందనుకున్నాను."

హిల్యా లేచి కొమ్ములు తీసింది. టప్, టప్, టప్.

శనివారం పొద్దున్నే ఒస్కారి పిలవకుండానే పార పట్టుకుని తోటలోకి వచ్చాడు. తావెట్టి అప్పటికే రెండు వరసలు తవ్వేశాడు.

"బావా, మొన్న నువ్వు అక్క గురించి అన్నావే..."

"నేనేమీ అన్లేదు. ఇకముందు అననూ. నువ్వు అడగనూ వద్దు. ఆ మూల వరస తవ్వు."

ఒస్కారి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.