బుచ్చన్న సాలులో పొయ్యి వాసన

రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు నుంచి డ్యూటీ బస్సు నాలుగున్నరకు క్యాంపుకు చేరుతుంది. దిగినవాళ్ళు బూట్లు విప్పరు, స్నానానికి లైను కట్టరు. ఖాళీ టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకొని నేరుగా మెస్సు వెనకున్న గ్రీన్‌హౌస్‌కు పోతారు. ఎవరి సాలు దగ్గర వాళ్ళు గొంతుక్కూర్చుని, ఆకుల్లో ముక్కు పెట్టి, ఇంట్లో ఈ పూట ఏం వండారో వాసన చూసుకుంటారు. ఖతర్‌లో నాలుగున్నరంటే జగిత్యాల దిక్కు రాత్రి ఏడు, పొయ్యిల మీద కూరలుడికే వేళ.

"మా ఇంట్ల మళ్ల ఆలుగడ్డనే" అని ముత్యం మొహం మాడ్చుకుంటాడు. ఆలుగడ్డైనా సరే, ఆ వాసన పోయేదాకా లేవడు.

ఆ గ్రీన్‌హౌస్ కట్టింది కడియం నుంచి వచ్చిన నలుగురు క్రైస్తవులు. నలుగురివీ నర్సరీ బతుకులే. ఏటా రెండు నెలలు సొంత మొక్కలు ఇంకొకరికి అప్పజెప్పి, చర్చి సంఘం కొనిచ్చిన టికెట్లతో ఏదో ఒక దేశం పోయి, గ్రీన్‌హౌస్ కట్టి, నారు పోసి తిరిగొస్తారు. అదే వాళ్ళ సేవ. టాంజానియాలో ఒకటి కట్టారు, నేపాల్‌లో ఒకటి. గ్యాస్ కోసం ఎడారిలో ఊళ్ళకు ఊళ్ళు లేస్తున్న ఆ రోజుల్లో, కూలీలకు ఒక్క పచ్చటి ఆకు తినే యోగం లేదని దోహాలోని తెలుగు సంఘం కబురు పెడితే ఇక్కడికొచ్చారు. వాళ్ళ పెద్ద యేసురత్నం. అరవై దాటినవాడు, భార్య పోయినవాడు, పిల్లలు లేనివాడు.

మొదటిరోజే క్యాంప్ బాస్ ఖుత్బుద్దీన్ ఎదురొచ్చి నిలబడ్డాడు. పాతబస్తీ మనిషి, తెలుగు బాగానే వస్తుంది. "చూడు పెద్దాయనా, ప్రార్థనలు, పాటలు, పుస్తకాలు పంచుడు, అన్నీ మాఫీ, ఇక్కడ నడవవు. పైపులు బిగించుకో. యల్లా, కానియ్యి."

"మొక్కలకి పాటలు నేర్పం లెండి బాబూ. నీళ్ళు పెడతాం, అంతే" అన్నాడు యేసురత్నం.

మాట తప్పలేదు. ఇనప పైపులు వంచి, పైన షీటు కప్పి, ఒక పక్క నీళ్ళు కారే తడి గోడ, ఎదురు పక్క పెద్ద ఫ్యాన్లు పెట్టారు. ఫ్యాన్లు తిరిగితే బయటి గాలి తడి గోడలోంచి చల్లబడి లోపలికొస్తుంది. మనిషికో సాలు పంచారు. ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత విత్తనాలు తెప్పించుకుని ఎవరిది వాళ్ళు వేసుకున్నారు. పుంటికూర, చిక్కుడు, బీర. నాలుగాకులు వేసేసరికి ఏ సాలులోంచి ఆ ఇంటి పొయ్యి వాసన రావడం మొదలైంది. యేసురత్నం ఒకసారి వంగి చూసి, సాళ్ళ మధ్య ఎడం ఇంకో జానెడు పెంచాడు, ఒకరింటి పప్పు ఇంకొకరింటి చారులో కలవకుండా. అందరూ అది మంచి ఆలోచనేనన్నారు.

ఊళ్ళో ఆడవాళ్ళకూ సంగతి తెలిసింది. పోపు జాగ్రత్తగా పెట్టసాగారు. క్యాంపులోని రాజన్న పెళ్ళామైతే ఫోన్‌లో కొట్లాడినప్పుడల్లా కావాలని పోపు మాడ్చేది.

గల్ఫ్‌లో ఉన్నవాడికి చెడు కబురు చెప్పకూడదని ఆ జిల్లాల్లో ఒక కట్టుబాటుంది. తల్లి పోయి మూడు నెలలైనా "పండుకున్నది బిడ్డా, లేపమంటవా" అంటారు. ఇటువాళ్ళేం తక్కువ తినలేదు. కుడిచెయ్యి విరిగినవాడు ఎడంచేత్తో ఫోను పట్టుకుని "మస్తుగున్న" అంటాడు. అయితే నోళ్ళు దాస్తాయి గాని పొయ్యి ఎక్కడ దాస్తుంది? అందుకే ఆ మనుషులు ఫోన్‌లో విన్నదానికన్నా సాలులో చూసిన వాసననే నమ్మేవారు.

బుచ్చన్నకు ఆ నమ్మకం మరీ ఎక్కువ. భార్య గంగామణి చేతి వాసన ఒక్క క్షణంలో పట్టేస్తాడు. ఆమె మిరపకాయలు నిప్పుల మీద కాల్చి వేస్తుంది. పుంటికూర తొక్కులో పల్లీలు వేయదు, నువ్వులే. "ఇయ్యాల నువ్వులు జర ఎక్కువ ఏగినయ్, పరధ్యానంల ఉన్నది" అని నవ్వుకుంటాడు. ఏడాదిన్నరగా మొహం చూడని మనిషికి అదొక కాపురం.

గ్యాస్ ప్లాంటులోకి ఫోన్లు పోనివ్వరు. పొద్దున పోతూ పోతూ అందరూ తమ ఫోన్లు గ్రీన్‌హౌస్‌లో ఒక సంచీలో వేసి, యేసురత్నానికి ఇచ్చి పోతారు. ఒకరోజు పదింటికి బుచ్చన్న ఫోను మోగింది. వాడు కాకా అని పిలిచే యేసురత్నమే ఎత్తాడు.

"మామా, నేను గంగామణిని. ఆయన డ్యూటీకి పోయిండా?"

"వెళ్ళాడమ్మా. సాయంత్రం వస్తాడు."

"నీతోనే పని మామా. రేపు నన్ను కరీంనగర్ దవాఖానల పండవెడుతుండ్రు. కడుపుల గడ్డ ఉన్నదట. అత్త, పిల్ల నాతోనే వస్తుండ్రు. ఇంటికి తాళం పడ్తది."

"అయ్యో తల్లీ! మరి బుచ్చన్నకి చెప్పాలి కదా."

"చెప్తే ఆగడు. ఉన్న పని ఇడిచిపెట్టి ఉరికొస్తడు, మళ్ల ఆ కంపెనీ రానియ్యదు. రెండు వారాలల్ల ఇంటికి పంపిస్తమన్నరు డాక్టర్లు. అప్పటిదాక ఆయన సాలు కాడ జర నువ్వు పొయ్యి ముట్టియ్యి మామా."

యేసురత్నం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "అబద్ధం ఆడకూడదమ్మా."

"నోటితోని ఆడుమంటలేను. ఒండుమంటున్న."

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. ఆమె ఓపిగ్గా చెప్పుకుపోయింది. ఎల్లిపాయ పొట్టుతోనే దంచాలె, నువ్వులు సన్నసెగ మీద ఏయించాలె, మిరపకాయ కాలినంక నలుపు దులపొద్దు. ఆయన ఎరువుల చీటీ వెనక అన్నీ రాసుకున్నాడు.

మర్నాటి నుంచి, బస్సు వచ్చే ముందు, బుచ్చన్న సాలుకు ఎదురుగా తడి గోడ అవతల ఒక చిన్న స్టవ్ వెలిగేది. ఫ్యాన్లు ఆ వాసనను లోపలికి లాగి బుచ్చన్న సాలు మీదుగా పంపేవి. గాలి నడక తెలిసిన మనిషికి అదేం కష్టం కాదు. కష్టమల్లా బుచ్చన్న నవ్వు చూడడమే. "కాకా, ఇయ్యాల మక్కరొట్టె చేసింది" అని వాడు మురిసిపోతుంటే, గుమ్మడికాయల దొంగలా యేసురత్నం భుజాలు తడుముకునేవాడు. దేవుడితో ఒంటరిగా మాట్లాడుకునే అలవాటు కూడా ఆ రోజుల్లో తగ్గించేశాడు.

ఎనిమిదోరోజు ఖుత్బుద్దీన్ గ్రీన్‌హౌస్‌లోకి వచ్చి చెప్పాడు. ప్లాంట్‌లో షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, మొదలవుతోంది. నాలుగు నెలలు ఎవరికీ సెలవు లేదు. అది మొదలయ్యేలోగా క్యాంపు నుంచి ఒక్కడు మాత్రం పోవచ్చు. వరసలో మొదటి పేరు బుచ్చన్నదే.

బుచ్చన్న వంగి తన సాలు వాసన చూశాడు. తర్వాత నాలుగు సాళ్ళు దాటిపోయి ముత్యం సాలు చూశాడు.

"నీ ఇంట్ల నాలుగొద్దుల సంది గంజి తప్ప ఇంకోటి ఉడుకుతలేదు ముత్యం. మీ నాయినకు బాగలేనట్టుంది. నువ్వు పో. మా ఇంట్ల మంచిగనే తింటుండ్రు."

పైపు పట్టుకుని నిలబడ్డ యేసురత్నానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళు కాలి మీద పడుతున్నాయి, తెలియలేదు. పొద్దున్నే గంగామణి ఫోన్‌లో చెప్పింది కదా, రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారట అని. ఆ ధైర్యంతో నోరు మూసుకున్నాడు. ముత్యం ఏడుస్తూ బుచ్చన్నను కావలించుకున్నాడు. గురువారం విమానంలో పోయాడు.

శనివారం ఫోను మోగింది. ఈసారి బుచ్చన్న తల్లి భూమవ్వ.

"అయ్యా, నా కోడలుపిల్ల పోయింది. తెల్లారంగనే పోయింది. ఊరికి తెచ్చినం, పొద్దుగూకక ముందే దహనం చేస్తరు. నా కొడుక్కు చెప్పకు. దినాలు ఎల్లేదాక ఒండు నాయినా, నీకు దండం పెడ్త."

యేసురత్నం ఆ రోజు స్టవ్ వెలిగించలేదు. సాలు పక్కన కూర్చుని బస్సు కోసం చూశాడు. అన్నేళ్ళ జీవితంలో ఏ బస్సూ రావొద్దని ఆయన అంతగా కోరుకోలేదు.

బుచ్చన్న వచ్చి కూర్చుని వాసన చూశాడు. ఇటు జరిగి చూశాడు, అటు జరిగి చూశాడు. ఆకులు చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"కాకా, ఏడైంది గదా అక్కడ. ఇంకా పొయ్యి ముట్టియ్యలేదేంది?"

యేసురత్నం చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటకు పోయారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

బుచ్చన్న అడిగాడు. "ఎన్నొద్దుల సంది నీ చెయ్యి?"

"పది రోజులు."

"గంగ సొంతంగ ఒండింది ఆఖరుకు ఎన్నడు?"

"ఫోన్ చేసిన రోజు. మంగళవారం. దవాఖానకి వెళ్ళేముందు నీకోసమని కోడికూర చేసింది. కొబ్బరి నూరి వేసింది. గ్రీన్‌హౌసంతా నిండిపోయింది నాయనా."

బుచ్చన్న వేళ్ళు మట్టిలోకి దిగాయి. "ఆ మంగళారం నేను రాలేదు కాకా. డబుల్ డ్యూటీ చేయించిండ్రు. నేనొచ్చేసరికి ఎనిమిదయింది. ఏం వాసన లేకుండె."

ఆ తర్వాత వాడు ఏడ్చిన ఏడుపు క్యాంపులో అందరికీ వినిపించింది. యేసురత్నం వాడి భుజం మీద చెయ్యి వేయబోయాడు. బుచ్చన్న విదిలించి కొట్టాడు.

"ముట్టకు. నా పెండ్లాం చెయ్యిని దొంగిలించినవ్. పోయి చూసుకునేటోన్ని. నువ్వు పోనియ్యలే."

యేసురత్నం అవునన్నాడు.

సెలవు కోసం బుచ్చన్న ఖుత్బుద్దీన్ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాడు. షట్‌డౌన్ అయ్యేదాకా సంతకం కాదన్నారు. మూడో రోజుకు యేసురత్నం వాళ్ళ వీసా గడువు తీరింది. పోయేముందు ఆయన బుచ్చన్న గది తలుపు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు.

బుచ్చన్న రోజూ బస్సు దిగి సాలు దగ్గరికి పోతూనే ఉన్నాడు. దినాల్లో చుట్టాలే వండి తెచ్చి పెడుతున్నారు కాబట్టి వాసన రాలేదు. దినాలు అయ్యి చుట్టాలు పోయాక కూడా రాలేదు. భూమవ్వకు కళ్ళు ఆనవు. ఎనిమిదేళ్ళ పిల్లకు పొయ్యి ముట్టించడం రాదు. ఏం తింటున్నారో అడిగితే "తింటున్నం బిడ్డా" అనేది తల్లి. సాలు మాత్రం ఉత్త మట్టి వాసనే వేసేది.

గంగామణి పోయిన పదిహేనో రోజు వాసన వచ్చింది. బుచ్చన్న ఉలిక్కిపడి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్నం ఉడుకుతోంది. పక్కన పులుసు, బెల్లం వేసిన పులుసు, వాళ్ళ దిక్కున ఎవరూ చేయని తరహాది. సంచీలోంచి ఫోను తీసి చేశాడు.

"అవ్వా, ఇంట్ల ఎవరున్నరు?"

భూమవ్వ ఈసారి దాచలేదు. "గోదారి దిక్కు ముసలాయన వచ్చిండు బిడ్డా. పొద్దుగాల్నే దిగిండు. నీ కాళ్ళు మొక్కుత, పొయ్యికాడ కూసోనియ్యమన్నడు. చెప్పొద్దన్నది నీకు చెప్పిండని వాకిట్ల నిలవెట్టి మస్తు తిట్టిన. తలకాయ దించుకొని పడ్డడు. ఎల్లగొట్టుమంటే ఎల్లగొడ్త. చెప్పు."

బుచ్చన్న పళ్ళు బిగించాడు. పొమ్మను అనే మాట నోట్లోనే ఉంది. అవతల గిన్నె మీద గరిటె తగిలిన చప్పుడు, తర్వాత తన కూతురు ఏదో అడిగిన చప్పుడు వినిపించాయి.

"పిల్ల తిన్నదా?"

"తింటుంది బిడ్డా. రెండోసారి పెట్టిచ్చుకుంది. వాళ్ళమ్మ పోయినంక ఇయ్యాలనే కడుపునిండ తినుడు."

బుచ్చన్న చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"ఉండనియ్యి అవ్వా" అన్నాడు.

మరుసటి ఏడు కడియం సంఘం వాళ్ళు గ్రీన్‌హౌస్ కట్టడానికి ఇంకో దేశం బయల్దేరినప్పుడు, ముగ్గురే వెళ్ళారు.