కింది సొరుగు

"మైనం ఆరాకే రుద్దాలి సొలెన్, తడి మీద రుద్దితే మచ్చలు పడతాయి." ప్రతి శనివారం మా అత్తగారు ఎద్మే కుర్చీలోంచి లేవకుండా చెప్పే మాట ఇది. పెళ్లయి బోర్డోలోని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ మహోగని కొమోద్‌ను రుద్దుతున్న చేతులు నావి, మచ్చల భయం ఆవిడది. ఫ్రెంచి విప్లవంలో రాజు తల తెగకముందు చేసిన సొరుగుల బల్ల అది. పైన బూడిదరంగు పాలరాయి, ఇత్తడి పిడులు, మూడు సొరుగులు. పైది మా ఆయన గోతియేది. మధ్యది అత్తగారి దుప్పట్లకు. నేలబారుది నాది. వానలు పడితే చెక్క ఉబ్బి బిగుసుకుపోతుంది. రోజంతా మందుల షాపులో నిలబడి ఇంటికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని గుంజితే గానీ నా లోపలి బట్టలు నాకు దక్కవు. చర్చిలో కూడా నేనింతగా మోకరిల్లలేదు.

మోకాలు వాచి, డాక్టరు వంగొద్దన్నాక అడిగాను, పై సొరుగు నాకిమ్మని. "అందులో నా టైలున్నాయి," అన్నాడు గోతియే. టై కట్టుకోవడం మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. "అది నాన్నది, అంతకుముందు తాతది. ఈ ఇంట్లో పై సొరుగు మగవాళ్లదే." అత్తగారు అందుకుంది: "నేనూ కింది సొరుగుతోనే కాపురం చేశానమ్మాయ్. మీ మామగారు పోయాకే మధ్యదానికొచ్చాను." అంటే ఒక్క సొరుగు పైకెక్కాలన్నా మొగుడు చావాలన్నమాట. ఒళ్లు మండిపోయింది.

ఆదివారం భోజనానికి వచ్చిన గోతియే పెదనాన్న కొడుకు ఆర్నో, అద్దంలా మెరుస్తోందని దాన్ని మెచ్చుకున్నాడు. "మేం దీన్ని ప్రాణంలా చూసుకుంటాం," అన్నాడు మా ఆయన. మేమట! వేళ్లకు మైనం వాసన వదలని నేను వేటమాంసం వడ్డిస్తూ అన్నాను: "రుద్దేది నేను. నా బట్టలకు మాత్రం నేలబారు సొరుగు." ఆర్నో కంచంలోకి చూశాడు. గోతియే నవ్వి, "ఈమధ్య మా ఆవిడ బొత్తిగా కొమోద్ కాదురా," అన్నాడు. మా భాషలో ఆ బల్ల పేరూ, చేతికి అనువుగా ఉండేది అనే మాటా ఒకటే. నోరు విప్పిన ఆడదాన్ని కొమోద్ కాదంటారు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది, నాకు ఎక్కువ మండింది అందుకే.

సోమవారం మా షాపుకు సెలవు. ఆయన ఆఫీసుకు వెళ్లగానే టైలు, కఫ్‌లింకులు, మామగారి గడియారం అన్నీ కింది సొరుగులోకి దించి, కాలితో లోపలికి నెట్టాను. నా బట్టలు పైకెక్కాయి. నిలబడే తెరిచాను, నిలబడే మూశాను. అంత చిన్న సంగతికి ఏడుపొచ్చింది.

సాయంత్రం గోతియే పై సొరుగు తెరిచి, నా లోపావడాలు చూసి బిగుసుకుపోయాడు. "నాన్న గడియారమేదీ?"

"కింద ఉంది. మోకాళ్ల మీద కూర్చుంటేగానీ రాదు."

కూర్చున్నాడు. గుంజాడు. రాలేదు. "రెండు పిడులూ ఒక్కసారే పట్టుకు లాగాలిరా," అంది కుర్చీలోంచి అత్తగారు. ఆవిడకు తెలుసు మరి.

ఎర్రబడ్డ మొహంతో నావైపు తిరిగాడు. "నీతో వేగడం నా వల్ల కాదు సొలెన్. నువ్వు నిజంగానే కొమోద్ కాదు."

"ఇంటికి ఒకటి చాలు," అన్నాను. "అది నీ ముందే ఉంది."