గచ్చు మీద లొత్తోగారు

ఆ ముఖాన్ని రెండుసార్లు ఉలితో చెక్కి పారేసింది నేనే. మూడోసారి గచ్చు పూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గచ్చు తడిగా ఉన్నంతసేపే రంగు గోడలోకి ఇంకుతుంది, దిద్దుబాట్లయినా అప్పుడే. ఆరిందా, ఇక చెక్కేయడమే. చెక్కేదెవరు? ఈ బందినో. మళ్ళీ పూసేదెవరు? ఈ బందినోనే.

పిస్తోయాలో ఉన్ని వ్యాపారి తెదాల్దో తమ కుటుంబ ప్రార్థనామందిరం గోడలకు బొమ్మలు వేయిస్తున్నాడు. పునీత నికోలా పాదాల దగ్గర మోకరిల్లవలసింది అతని తండ్రి లొత్తోగారు. ఆయన పోయేనాటికి తెదాల్దో ఉయ్యాల్లో ఉన్నాడు. ఇప్పుడు ఆ ముఖం గుర్తున్నది తల్లి జెమ్మాగారికి ఒక్కరికే. ఆవిడ కళ్ళకేమో పొర కమ్ముతోంది. చూపు పూర్తిగా పోయేలోగా ఒక్కసారి ఆయన్ని చూసుకోవాలని ఆవిడ ఆశ.

"ఈయన మా ఆయన కాదు," అంది జెమ్మాగారు మూడోరోజు కూడా, పరంజా మీద నా పక్కనే కూర్చుని.

"ముక్కు తేడాగా ఉందా అమ్మగారూ?" అన్నాడు మా గురువు నుచ్చో. ఏడుపొక్కటే తక్కువ ఆయనకి.

"ముక్కు ఆయనదే. చెవులూ ఆయనవే."

ఇక నా వల్ల కాలేదు. "మరేం తేడానో చెప్పండమ్మా. అవతల గచ్చు ఆరిపోతోంది, ఇవతల నా నడుం పడిపోతోంది."

ఆవిడ గోడ వైపు వేలు చూపించింది. "ఆ కళ్ళు చూడు, ఎంత భక్తిగా తెరిచాడో. పన్నెండేళ్ళు కాపురం చేశాను. చర్చిలో ఆయన మెలకువగా ఉండగా ఒక్కనాడూ చూడలేదు నాయనా."

కింద నిలబడ్డ తెదాల్దో ముఖం మాడిపోయింది. "నలుగురూ చూసే గోడ మీద నాన్న కునికిపాట్లు పడటమేమిటమ్మా? పరువు పోదూ?"

"నువ్వూరుకో. నీ బాప్టిజం రోజున కూడా నిద్రపోయాడు."

నుచ్చో నవ్వాపుకుంటూ కుంచె అందుకున్నాడు. రెప్పలు సగం వాల్చాడు, కింది పెదవిని కాస్త వేలాడదీశాడు.

జెమ్మాగారు గోడ దగ్గరికి జరిగి, కళ్ళు చికిలించి చూసింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మోచేత్తో లొత్తోగారి డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"లేవండి, పాదిరిగారు చూస్తున్నారు," అంది.

గచ్చులో సొట్ట పడింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

సొట్ట పూడ్చమని గురువు నాకు తాపీ అందించాడు. వేలితో గచ్చు తాకి చూశాను. వెన్నలా మెత్తగా ఉంది.

"ఆరిపోయింది గురువుగారూ," అన్నాను.