లేబుళ్లు రాని రోజు

పప్పు ఎనుపుతుండగా కింది నుంచి చైతన్య కేక వేశాడు. "ప్రసూనా, లేబుళ్లు రావడంల్యా. కంప్యూటర్లో నువ్వేమన్నా నొక్కినావా?"

ఏది చెడిపోయినా మా ఆయన ముందు అడిగేది నన్నే. బాగున్నప్పుడు మాత్రం అది ఆయన కంప్యూటరు. రాయదుర్గంలో మాది జీన్స్ కుట్టే యూనిట్. మేం మిద్దె మీద ఉంటాం, కింద ముప్పై మంది ఆడవాళ్లు కుడతారు. పెళ్లయినప్పటి నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, సైజులు ఎక్కించేదీ, లేబుళ్లు కొట్టేదీ, లోడు కాగితాలు తీసేదీ నేనే. ఎవరైనా అడిగితే చైతన్య నవ్వి, "మా ప్రసూన పైన పొద్దుపోక ఈడ కూర్చుంటాది" అంటాడు.

దిగి చూశాను. కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయ్యింది. అప్పటి నుంచి లేబుల్ ప్రింటర్ దానికి కనిపించడం లేదు. సాయంత్రం ఐదింటికి లారీ. నడుముకు సైజు లేబుల్ లేని ప్యాంటును సరుకు కొనే పార్టీ తీసుకోదు. రిపేరతను ఫోనెత్తి ఎల్లుండి వస్తానన్నాడు. చైతన్య తల పట్టుకుని, "రెండ్రోజులు ఎవురూ రావద్దండి, మిషన్ బాగయినంక చెప్పి పంపుతా" అన్నాడు ఆడవాళ్లతో. రెండ్రోజుల కూలి పోతుందని లేబుళ్లు కుట్టే బయమ్మ కదల్లేదు, ఆమెను చూసి మిగతావాళ్లూ ఆగారు. ఆయన బండి తీసి, ఇంకెవరైనా దొరుకుతారేమోనని బళ్లారి వెళ్లాడు.

నేను కుర్చీ లాక్కున్నాను. నెట్‌లో వెతకగానే అన్నిటికన్నా పైన పెద్ద పచ్చ బటన్ వచ్చింది, ఒక్క నొక్కుతో అన్నీ బాగు చేస్తానంటూ. పోయినేడు చైతన్య నొక్కింది అలాంటిదే. వారం రోజులు తెర నిండా ప్రకటనలే. "నువ్వు సీరియళ్లు చూసినందుకే ఇట్లయినాది" అన్నాడు నన్ను, అందరి ముందూ.

ఆ బటన్ జోలికి పోకుండా ప్రింటర్ వెనక్కి తిప్పి, స్టిక్కర్ మీది మోడల్ నంబరు రాసుకున్నాను. తయారు చేసిన కంపెనీ సొంత సైటుకే వెళ్లి ఆ నంబరు కొడితే ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరూ దొరికింది, బొమ్మలతో పుస్తకమూ దొరికింది. డ్రైవర్ ఎక్కించాను. అయినా రాలేదు. తెర మీద వచ్చిన ఎర్రర్ మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా వెతికితే ఒక చర్చా వేదిక తెరుచుకుంది. ఐదేళ్ల కిందట ఎవరో ఇదే బాధ రాసి ఉన్నారు. ఇరవై మంది ఏదేదో చెప్పారు. అట్టడుగున ఒకరు మూడు ముక్కల్లో తేల్చారు: పాత డ్రైవర్ పూర్తిగా తీసెయ్యండి, కంప్యూటర్ ఆపి వెలిగించండి, కొత్తది ఎక్కించాకే వైరు గుచ్చండి.

పైనుంచి అత్త అంజనమ్మ గొంతు. "ఏమ్మే, ఆడేం జేస్తాండావు? రసంలోకి తిరగవాత ఎవురేస్తారు?"

"నువ్వే ఎయ్యత్తా, నాకు పనుండాది" అన్నాను.

అనుకుని అన్నది కాదు. పైన గంటె చప్పుడైంది. ఆ తర్వాత ఇంగువ వాసన దిగి వచ్చింది. ఎనిమిదేళ్లలో వేరొకరి చేతి తిరగవాత వాసన చూడటం అదే మొదలు. ఎంత బాగుందో!

అతను చెప్పిన వరుసలోనే అన్నీ చేసి, చివరికి ప్రింటర్ వైరు గుచ్చాను. ప్రింటర్ గుర్రుమని ఒక లేబుల్ బయటికి తోసింది. ముప్పై రెండు. బయమ్మ దాన్ని చించుకుని, "వచ్చినాదక్కా!" అని అందరికీ చూపించింది. మిషన్లన్నీ ఒక్కసారిగా కదిలాయి.

మూడింటికి చైతన్య ఒంటరిగా తిరిగొచ్చాడు. "దానంతటదే బాగయినాదా?"

"నేను చేసినా."

ఎలాగో చెప్పాను. సగం విన్నాడు, అంతలో పార్టీ ఫోను. "ఆ అన్నా, మిషన్ మేమే సెట్ చేసినాం, లోడు వస్తాది" అన్నాడు. ఆ 'మేమే' ఒక్కటే కాస్త గుచ్చుకుంది. అయినా వేళకు లారీ కదిలింది, ఎవరూ పని పోగొట్టుకోలేదు. లోపల ఎంతో హాయిగా ఉంది.

నేను వెతికిందంతా ఇంగ్లీషులోనే ఉంది. ఇదే బాధ పడుతూ ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఎందరుంటారో అనిపించింది. టీ తాగుతూ, ఏ సైటు నమ్మాలి, ఏ బటన్ ముట్టకూడదు, ఏది ముందు ఏది వెనక, అన్నీ తెలుగులో రాసి ఒక కంప్యూటర్ సహాయ గ్రూపులో పెట్టాను.

పొద్దున్నే జవాబు వచ్చి ఉంది. తనకల్లు నుంచి రామదాసు అనే ఆయన. "మీరు రాసినట్టే చేస్తే పని చేసింది. చాలా థ్యాంక్స్ సార్."

చైతన్య నా భుజం మీదుగా చదివి పకపకా నవ్వాడు. "సార్ అంటాండాడే నిన్ను!"

నేనూ నవ్వాను. ఆయన చూస్తుండగానే టైపు చేసి పంపించాను:

"సార్ కాదండి, నా పేరు ప్రసూన. రాయదుర్గంలో జీన్స్ యూనిట్ నడుపుతాను."